పద్నాలుగు సెకన్ల బకెట్టు

టూరిస్టుల మీద కక్షతో ఒక ఆడపిల్ల నెత్తిన నేను బకెట్టుడు నీళ్లు కుమ్మరించానని టీవీ చెప్పింది. అబద్ధం. తోటకొచ్చిన పిల్లని కన్నతల్లిలా కాపాడానని మా ఊరు చెబుతుంది. అదీ అబద్ధమే. మొదటిదాన్ని కొట్టిపారెయ్యడానికి మావాళ్లు రెండోదాన్ని తయారుచేశారు. పెళ్లిలో ఎదురైనా, ఆగిరిపల్లి బస్సులో పక్కన కూర్చున్నా, ఈ రెండింట్లో ఏదో ఒకటి నా చేతిలో పెట్టి "అంతేగా అండీ?" అంటారు. అంతే కాదండీ. నీళ్లు పోసింది నేనే, తిట్టిందీ నేనే. అవి రెండు వేర్వేరు పనులు. ఒకేసారి చేశాను. అన్నం వడ్డిస్తూ తిట్టని ఆడది ఎవరైనా ఉంటే ముందుకు రండి, అప్పుడు నన్ను అడుగుదురుగాని.

మా మామిడితోట నూజివీడు నుంచి ఆగిరిపల్లి వెళ్లే వైపు ఉంది. మామగారి తదనంతరం మా ఆయనకి సగం, మా మరిదికి సగం వచ్చింది. మధ్యలో కంచె వెయ్యలేదు. ఒక బోరు, దాని పక్కన నీలం ప్లాస్టిక్ డ్రమ్ము, అదే సరిహద్దు. రెండు సగాలకీ కలిపి దారి ఒక్కటే, తారు రోడ్డు మీద నుంచి లోపలికొచ్చే మట్టి డొంక. ట్రాక్టరు వస్తుంటే మనిషి పక్కకి జరగాలి, అంత వెడల్పు.

మూడేళ్ల కిందట మా తోడికోడలు తన సగంలో ఆదివారం భోజనాలు మొదలుపెట్టింది. బెజవాడ నుంచి, హైదరాబాదు నుంచి కార్లలో వస్తారు. చెట్ల కింద చాపలు పరిచి, అరిటాకుల్లో మామిడికాయ పప్పు, కొత్తావకాయ, వడియాలు, ముందురోజు చెబితే నాటుకోడి. తిని, చెట్ల మధ్య తిరిగి, ఫొటోలు దిగి వెళ్తారు. నేను మొదట్లో నవ్వాను. "పప్పన్నం తినడానికి హైదరాబాదు నుంచి వస్తారటే?" అన్నాను. వచ్చారు. తను ఈ ఇంటికి కోడలై వచ్చిన ఇరవై ఏళ్లలో ఎవరు ఫోన్ చేసినా "మీ ఆయన ఉన్నారా, మీ బావగారు ఉన్నారా" అనే అడిగేవాళ్లు. ఇప్పుడు శనివారం పొద్దున్నుంచి ఆ ఫోన్ తనకోసం మోగేది. వంటింట్లోంచి చెయ్యి తుడుచుకుంటూ పరుగెత్తుకొచ్చి "ఎంతమందండీ?" అని అడిగేటప్పుడు దాని గొంతు అలా పలకగా నేను అంతకు ముందెన్నడూ వినలేదు.

అది దాని సంగతి. నా సంగతి వేరు. నాకు ఆ టూరిస్టులంటే ఒళ్లు మంట. దాచుకోను. పిందెకీ కాయకీ తేడా తెలియకుండా కోస్తారు. కొమ్మ పట్టుకుని ఊగుతారు. అన్నిటికీ మించి, డొంక మధ్యలో కారు ఆపి, తాళం జేబులో వేసుకుని పప్పన్నానికి కూర్చుంటారు. అవతల నా సగంలో కోసిన చిన్న రసాలు ట్రాక్టరు తొట్టిలో ఎండకి ఉడుకుతుంటాయి. డ్రైవరు హారన్ కొడితే వాళ్లు చెయ్యి ఊపుతారు, వాడేదో పలకరించినట్టు. ఈ ముక్క రెండేళ్లుగా నేను చెప్పని మనిషి లేడు. మా ఆయనకి చెప్పాను, మరిదికి చెప్పాను, పంచాయతీ ప్రెసిడెంటుకి చెప్పాను. "సర్దుకుపోవాలమ్మా" అన్నారు. అప్పుడు ఏ కెమెరా రాలేదు.

ఆ ఆదివారం కోత నడుస్తోంది. నేను బోరు దగ్గర బకెట్టుతో డ్రమ్ము నింపుతున్నాను. ఇద్దరు ఆడపిల్లలు మా వైపు సగంలోకి వచ్చేశారు. ఒకమ్మాయి చేతికందిన కాయ కోసి, బుగ్గకి ఆనించుకుని నిలబడింది. రెండో అమ్మాయి ఫోన్ పట్టుకుంది. ఆకు అడ్డమొస్తోందని మొదటమ్మాయి కాయ ముచ్చిక తుంచేసింది, బుగ్గ మీద ఉండగానే.

మామిడికాయ ముచ్చిక విరిస్తే సొన చిమ్ముతుంది. ఒంటి మీద పడితే నిప్పు తగిలినట్టు పొక్కుతుంది, మచ్చ నెలల తరబడి ఉంటుంది. అందుకే మా కోతవాళ్లు తొడిమతో సహా కాయ దించి, మొహానికి దూరంగా విరిచి, బోర్లా పేర్చి సొన కారనిస్తారు. ఈ పిల్ల ఏమో అది రసం అనుకుంది. కంటి కింద నుంచి గడ్డం దాకా కారుతుంటే నవ్వుతోంది. నేను బకెట్టు ఎత్తుకుని పరుగెత్తాను.

"కళ్లు మూసుకో! మూసుకో అంటుంటే! రుద్దకు!" అని అరుస్తూ కుమ్మరించాను. ఇంకో బకెట్టు తెచ్చాను. కుమ్మరిస్తూనే మొదలుపెట్టాను. "తెలియకపోతే అడగరా? ఎవరి తోటో, ఏం కాయో అక్కర్లేదా? ఆదివారం వచ్చేసరికి మా ప్రాణాలు తియ్యడానికే వస్తారు!" రెండేళ్లనాటి డొంక కోపమంతా ఆ నీళ్లతోపాటే పోయింది. ఆ పిల్ల చేసింది ఒక కాయ ముచ్చిక తుంచడం. నేను తిట్టింది హైదరాబాదు మొత్తాన్ని.

తర్వాత ఏమైందంటే ఏమీ కాలేదు. మా తోడికోడలు కొబ్బరినూనె రాసింది. ఆ పిల్ల తడిబట్టలతోనే చాప మీద కూర్చుని పప్పు మూడుసార్లు వేయించుకుంది.

"ఆంటీ, మీరు మా అమ్మ కన్నా బాగా తిడతారు."

"మీ అమ్మకి ప్రాక్టీసు చాలినట్టు లేదు," అన్నాను.

వెళ్తూ వెళ్తూ ఆవకాయ సీసా పట్టుకెళ్లారు.

రెండో అమ్మాయి ఆ రాత్రి వీడియో పెట్టింది, పగలబడి నవ్వే బొమ్మలు నాలుగు తగిలించి. దాని ఉద్దేశం చెడ్డది కాదు. స్నేహితురాలు తడిసి ముద్దయింది, నవ్వొచ్చింది, పెట్టింది. పద్నాలుగు సెకన్లు. నేను రెండో బకెట్టు ఎత్తడంతో మొదలై "మా ప్రాణాలు తియ్యడానికే వస్తారు" దగ్గర ఆగిపోతుంది. సొన లేదు, "కళ్లు మూసుకో" లేదు, కొబ్బరినూనె లేదు, పప్పు అసలే లేదు. రెండో రోజుకి ఎవరో దాన్ని తీసుకుని "తోటలకి వెళ్తే ఇదా మర్యాద?" అని పైన రాశారు. మూడో రోజుకి మైలవరం నుంచి విలేకరి బైకు మీద దిగాడు. ఒక టీవీ ఛానెల్‌కి చుట్టుపక్కల మండలాల వార్తలన్నీ అతనే పంపుతాడు. ఏదో దూరపు వరసలో నన్ను పిన్నిగారూ అంటాడు.

"పిన్నిగారూ, అంత కోపం ఎందుకొచ్చిందండీ?"

"కోపం కాదయ్యా, సొన."

"సొన సరేనండీ. టూరిస్టుల మీద మీ ఊళ్లో వ్యతిరేకత ఎప్పట్నుంచి ఉంది?"

నేను డొంక గురించి చెప్పాను. తొట్టి గురించి, ఉడికిపోయిన కాయ గురించి, హారన్ గురించి వివరంగా చెప్పాను. అతను తల ఊపాడు. తర్వాత అన్నాడు, "ఒక్కసారి మళ్లీ పోసి చూపించండి పిన్నిగారూ. ఖాళీ బకెట్టైనా ఫర్వాలేదు."

"నీ నెత్తిన అయితే పోస్తాను, నిండుదే."

అతను నొచ్చుకోలేదు. బకెట్టుని ఒంటరిగా బోరు గట్టు మీద నిలబెట్టి, చుట్టూ తిరిగి తీసుకున్నాడు. సాయంత్రం వార్తల్లో ఆ బకెట్టు వచ్చింది, వెనక డప్పులు మోగుతుండగా. హత్య జరిగిన ఇంట్లో కత్తిని చూపించినట్టు చూపించారు. జిల్లా పేరు మాత్రం తప్పు వేశారు. అందుకు నేను వాళ్లని అననులెండి. జిల్లాలు విడగొట్టాక మేం ఏ జిల్లావాళ్లమో మాకే ఒక్కో రోజు తడబాటు.

ఆ మర్నాడు సాయంత్రం చర్చ. నన్ను వీడియో కాల్లో కూర్చోబెట్టారు. తెర మీద ఐదు గళ్లు. నా గడి కింద "ఆగ్రహించిన రైతు" అని రాశారు. మిగతా గళ్లలో పర్యాటక శాఖలో పనిచేసి రిటైరైన పెద్దమనిషి, హోటళ్లవాళ్ల తరఫున ఒకాయన, సంస్కృతిని కాపాడే ఆయన ఒకరు, ఊళ్లు తిరిగి వీడియోలు చేసుకునే అమ్మాయి ఒకరు ఉన్నారు. యాంకరు మొదలుపెట్టడమే ఏదో విదేశంలో మొదలుపెట్టాడు. అక్కడ జనం వీధుల్లోకి వచ్చి టూరిస్టుల మీద బొమ్మ తుపాకులతో నీళ్లు కొట్టారట. "ఆ నీళ్లు ఇప్పుడు మన నూజివీడుకి చేరాయా?" అన్నాడు. చేరాయనడానికి సాక్ష్యం నా బకెట్టు.

"అమ్మా, సూటిగా చెప్పండి. టూరిస్టులు రావాలా, వద్దా?"

"రావొచ్చండీ. కార్లు డొంకకి అడ్డంగా పెట్టకూడదు."

"అంటే వద్దంటున్నారు."

"డొంకలో వద్దంటున్నాను."

"చూశారుగా, గ్రామాల్లో ఎంత ఆవేదన గూడుకట్టుకుందో!" అని సంస్కృతి ఆయన వైపు తిరిగాడు. ఆయన మన ఊళ్ల ఆత్మ గురించి చెప్పాడు. హోటళ్లాయన ఉపాధి గురించి చెప్పాడు. నేను సొన గురించి చెప్పబోయాను. "మీ మనసులో రగిలే సొన మాకు అర్థమవుతోందమ్మా," అన్నాడు యాంకరు. నేను డిగ్రీలో ఎకనామిక్స్ చదివాను, వాదించడానికి ఎక్కడా వెనక్కి తగ్గను. కానీ నా మాటని నాకే బహుమానంగా ఇచ్చేవాడితో ఎలా వాదించాలో ఏ కాలేజీలో చెబుతారో నాకు తెలియదు.

సొన పడ్డ పిల్ల ఊరుకుందా అంటే ఊరుకోలేదు. పాపం, జరిగింది జరిగినట్టు పెద్ద ఉత్తరంలా రాసి, బుగ్గ ఫొటో కూడా పెట్టింది. ఉత్తరం ఎవరూ చదవలేదు. బుగ్గ మాత్రం టీవీలో వచ్చింది, "టూరిస్టు ముఖంపై గాయాలు" అన్న పేరుతో.

ఇక్కడిదాకా నవ్వుకోవచ్చు. ఇక్కణ్నుంచి నా తప్పు మొదలవుతుంది.

ఊళ్లో భాష మారిపోయింది. పాల కేంద్రం దగ్గర మనుషులు "ఓవర్ టూరిజం" అనడం మొదలుపెట్టారు. చింతలపూడి దాటి ఎరగని పెద్దాయన ఒకాయన మా అరుగు మీద కూర్చుని, "ఒక ప్రాంతానికి మోయగలిగిన సామర్థ్యమని ఒకటుంటుందమ్మా," అన్నాడు. అంతకు ముందు వారం అదే అరుగు మీద, వచ్చిన కార్లు ఏ కంపెనీవో మనవడి చేత చెప్పించుకుని మురిసిపోయినవాడు ఈయనే. దారిలో ఎదురైనవాళ్లు "భలే బుద్ధి చెప్పావు వాళ్లకి" అంటుంటే మొదట విడమరిచి చెప్పేదాన్ని. తర్వాత తల ఊపడం మొదలుపెట్టాను. రెండేళ్లు ఎవరూ వినని మనిషిని నేను. ఇప్పుడు నేను తుమ్మినా వినేటట్టున్నారు. నా కష్టం కాకపోతేనేం, ఏదో ఒక కష్టానికి నన్ను పెద్దను చేశారు. రుచిగానే ఉంది, అబద్ధమెందుకు చెప్పాలి.

ఆ తర్వాతి ఆదివారం పొద్దున్నే డొంక మొదట్లోకి వెళ్లి నిలబడ్డాను. చేతిలో బకెట్టు ఉంది. నీళ్లు లేవు. ఎందుకు తీసుకెళ్లావని మా ఆయన అడిగితే మొక్కలకి అన్నాను. డొంక మొదట్లో మొక్కల్లేవు. మొదటి కారు తారు రోడ్డు మీద నుంచి మలుపు తిరిగింది. అద్దంలోంచి ఒకావిడ నన్ను చూసింది, బకెట్టును చూసింది, డ్రైవింగు సీట్లో ఉన్న మొగుడి భుజం తట్టింది. కారు వెనక్కి వెళ్లిపోయింది. రెండోది ఆగనైనా ఆగలేదు. నాకు, ఏం చెప్పను, గవర్నమెంటు ఉద్యోగం వచ్చినట్టు అనిపించింది.

మధ్యాహ్నం మా తోడికోడలు నా సగంలోకి వచ్చింది. ఎప్పటిలాగే ముప్పై మందికి వండిన పప్పు, కూర, అన్నం గిన్నెలతో సహా మోయించుకొచ్చి, మా కోతవాళ్లని కూర్చోబెట్టి వడ్డించింది. నా మొహం వైపు చూడలేదు. అందరికీ వడ్డించాక అంది.

"నువ్వు కూడా కూర్చో అక్కా. నువ్వు ఆపిన అన్నమేగా."

"నేనెవర్నీ ఆపలేదే. ఊరికే నిలబడ్డాను."

"టీవీలో వచ్చాక నువ్వు ఊరికే నిలబడినా చాలు అక్కా ఇప్పుడు. నీకు ఐదు గళ్లలో ఒక గడి ఇచ్చారు. నాకున్నది ఒక ఫోను. అది మూడు రోజుల్నుంచి మోగట్లేదు."

దానికి కోపం వస్తే గిన్నెలు విసురుతుంది, నాకు తెలుసు. విసరలేదు. మెల్లిగా ఒక్కొక్కటే బోర్లించింది. నేను కూర్చున్నాను. తిన్నాను. పప్పులో ఉప్పు సరిగ్గా ఉంది.

ఆ వారంలోనే పంచాయతీ ఆఫీసులో మీటింగు పెట్టారు. విషయం "తోటల్లోకి టూరిస్టులను అనుమతించాలా, వద్దా". ఆ ప్రశ్న మా ఊళ్లో పుట్టింది కాదు. అచ్చంగా ఆ యాంకరు నోట్లోంచి వచ్చి మా బల్ల మీద కూర్చుంది. వద్దని చేతులెత్తితే కోత అయ్యేదాకా ఎవర్నీ రానివ్వకూడదు. అంటే మా తోడికోడలి సీజను అంతటితో సరి, రసాలు అయిపోయాక ఈ తోటల మొహం ఎవడు చూస్తాడు? అది ఆడవాళ్ల బెంచీ మీద చివర కూర్చుంది. కొంగు చివర వేళ్లకి చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉంది.

ఒకాయన లేచి సంస్కృతి దెబ్బతింటోందన్నాడు. ఇంకొకాయన యువతకి ఉపాధి అన్నాడు. ఒకళ్ల మాట ఒకళ్లు వినకుండా, చెయ్యి ఊపుతూ, మధ్యమధ్యలో "నన్ను పూర్తి చెయ్యనివ్వండి" అంటూ మాట్లాడారు. మా ఊళ్లో ఆ మాట అంతకు ముందు ఎవరూ ఎవరితోనూ అనగా నేను వినలేదు. విలేకరి మైకు బల్ల మీద పెట్టుకుని సంబరంగా కూర్చున్నాడు. చివరికి ప్రెసిడెంటు గారు నన్ను లేవమన్నారు. బాధితురాలిని కదా.

"వద్దనే చెయ్యి ఎత్తేముందు నాకొకటి చెప్పండి," అన్నాను. "ఇక్కడున్నవాళ్లలో టూరిస్టుల వల్ల కష్టం ఎవరికొచ్చింది? సంస్కృతి సంగతి వదిలెయ్యండి. మీ ఇంట్లో, మీ చేలో, ఏం నష్టం వచ్చింది?"

పెద్దాయన గొంతు సవరించుకుని, "పొద్దస్తమానం దుమ్మమ్మా," అన్నాడు.

"వచ్చింది నాకండీ. నా కష్టం పేరు ఓవర్ టూరిజం కాదు. దాని పేరు డొంక. ఆదివారం పూట నా ట్రాక్టరు బయటికి పోవాలి. వాళ్ల కార్లు ఎక్కడో ఒకచోట ఆగాలి. ఎక్కడ ఆపాలో అది తేల్చండి. మిగతావన్నీ టీవీలో మాట్లాడుకోవచ్చు, వాళ్లకి టైముంది."

"ఎక్కడ ఆపుతారమ్మా, చోటేదీ?" అన్నారు ప్రెసిడెంటు గారు.

రోడ్డు పక్కన మొక్కజొన్న కోసేసిన మా చేను చెక్క ఖాళీగా ఉంది. అది నాకు మొదట్నుంచీ తెలుసు. మా ఆయనకీ తెలుసు. "మా చేలో పెట్టుకోమనండి," అన్నాను. పది నిమిషాల్లో అయిపోయింది. తాడు కట్టడం ఎవరు, బోర్డు రాయించడం ఎవరు అన్నది కూడా తేలిపోయింది. చేతులెత్తే అవసరమే రాలేదు.

విలేకరి మైకు సంచిలో పెట్టుకుంటూ నా దగ్గరికొచ్చాడు. "మధ్యలో ఎవరైనా కుర్చీ ఎత్తుంటే బాగుండేది పిన్నిగారూ."

"ఇది వెయ్యవా మరి?"

"పంపుతానండీ. వేస్తారని చెప్పలేను. పైవాళ్లు విజువల్ అడుగుతారు. తాడు కట్టిన చేనుని ఎంతసేపని చూపిస్తాం?"

అతని మాటలో అబద్ధం లేదు. వెయ్యలేదు.

ఇంటికొస్తుంటే మా ఆయన అడిగారు. "ఈ మాట రెండేళ్ల కిందటే అనొచ్చుగా నువ్వు?"

"అప్పుడెవరూ అడగలేదు."

"అడిగితే ఇచ్చేదానివా?"

ఇచ్చేదాన్ని కాదేమో. కోపంగా ఉన్నప్పుడు మన చేను మనకి చాలా అవసరంగా కనిపిస్తుంది.

ఇప్పుడు డొంక ఖాళీ. నా ట్రాక్టరు ఆదివారం కూడా దర్జాగా పోతోంది. భలే బుద్ధి చెప్పావన్న నోళ్లే, కార్లు మళ్లీ రావాలని కాబోలు, ఆ పిల్లని నేను కన్నతల్లిలా కాపాడానంటున్నాయి. కార్లు మొక్కజొన్న చేలో ఆగుతున్నాయి. అక్కణ్నుంచి చాపల దాకా మండుటెండలో నడవాలి. నేను దారి మధ్యలో కొబ్బరాకుల పందిరి వేయించాను, మజ్జిగ కుండ పెట్టించాను. అయినా ముప్పై ఆకులు కోసే చోట మా తోడికోడలు పద్దెనిమిది, ఇరవై కోస్తోంది. "ఎండలు అక్కా, ఈ ఏడు ఎండలు అలా ఉన్నాయి," అంటుంది, ఆకులు తుడుస్తూ, నా వైపు చూడకుండా.

మొన్న శనివారం ఫోన్ మోగినప్పుడు నేను అక్కడే ఉన్నాను. అవతల ఎవరో ఆవిడ అడుగుతోంది, "ఆదివారం ఆ పెద్దావిడ ఉంటారా అండీ అక్కడ?" అని. మా తోడికోడలు నవ్వి, "మీరు రండి ముందు" అని పెట్టేసింది. నేను ఉంటే వద్దామనా ఆ ప్రశ్న, లేకుంటే వద్దామనా అని నేనడిగితే, "అదెందుకులే అక్కా," అని పొయ్యి దగ్గరికి పోయింది. ఆ మర్నాడు పొద్దున్నుంచి సాయంత్రం దాకా డొంక వైపే చూస్తూ కూర్చున్నాను. ఆవిడ వచ్చిందో, రాలేదో కూడా నాకు తెలియదు. వచ్చినవాళ్లనైతే అడగొచ్చు, ఎందుకొచ్చారని. రానివాళ్లని పట్టుకుని అడగడానికి ఏ ఛానెలూ మైకు పంపదు. మా తోడికోడలు చెప్పదు. ఇక మీరైనా చెప్పండి. రావడం మానేసిన ఆ పదిమంది ఎండకి జడిసి మానేశారా, నాకు జడిసి మానేశారా?